గీత తప్పిన నట్టు

ఆ ఫ్లాట్ల వెనకాల కార్లు పెట్టుకునే షెడ్లు వరసగా ఉంటాయి. అన్నిటికంటే చివర, ప్రహరీగోడని ఆనుకుని ఉన్న షెడ్డుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక చెత్త పారబొయ్యడానికి కూడా అటు ఎవరూ వెళ్ళరు. వాచ్‌మన్ అయితే కాస్త ఇవతలే ఆగి, టార్చి ఒకసారి అటు ఊపి, "అంతా బాగానే ఉంది" అని తనకి తనే చెప్పుకుని వెనక్కి తిరుగుతాడు.

ఎందుకంటే — అక్కడ రాత్రిళ్ళు చప్పుడవుతుంది.

పెద్ద చప్పుడేం కాదు. ఏడుపు కాదు, నవ్వు కాదు. టక్... అని ఒక్కటి. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ... టక్.

ఇంతోటి దానికి భయమేమిటి అంటారేమో. కార్ల పని తెలిసినవాళ్ళకి ఆ చప్పుడేమిటో ఇట్టే తెలుస్తుంది, అందుకని వాళ్ళకే ఎక్కువ భయం. టార్క్ పానా అని ఒకటుంటుంది. నట్టు ఎంత బిగించాలో ముందే దానిమీద తిప్పి పెట్టుకుంటే, సరిగ్గా అంత బిగువు రాగానే చేతిలో టక్‌మంటుంది. ఆ షెడ్డులో, ఆ పానా చేతిలో ఉండగానే ఒకాయన పోయాడు. కారు కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. భార్య టీ తెచ్చి పక్కన పెట్టి, "చల్లారిపోతోంది, లేవండీ" అంది. లేవలేదు. గుండె ఆగిపోయింది.

ఆయన పోయాక ఆ షెడ్డూ ఆ కారూ బావమరిది చేతికొచ్చాయి. ఈ జరిగిందంతా అతనికే. విన్నది విన్నట్టు చెబుతున్నాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

అతనికి కళ్ళజోళ్ళ షాపుంది. అందరూ అద్దాలాయన అంటారు. కారేమో రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. గుడ్డ పైకప్పు, పొడుగాటి ముక్కు. దాని వయసూ అతని వయసూ ఇంచుమించు ఒకటే, మొరాయించడంలో కూడా ఇద్దరూ ఒకటేనని ఇంట్లో ఆవిడ అంటుంది. షాపు కట్టేసి రాగానే పాత చొక్కా తగిలించుకుని షెడ్డులో దూరిపోయేవాడు. "ఆ కార్బ్యురేటర్‌ని చూసినంత శ్రద్ధగా నా మొహం ఏనాడైనా చూశారా?" అని భార్య దెప్పితే, "నీ మొహానికి రిపేరు అక్కర్లేదు కదా" అని తప్పించుకునేవాడు.

అక్క మాత్రం ఆ ఊసే ఎత్తనిచ్చేది కాదు. భర్త పోయిన రోజునే అందరి ముందూ అనేసింది — "ఆ బండి మొహం ఇక నాకు చూపించకండి. అమ్ముకుంటారో, తుక్కుకేస్తారో." తమ్ముడికి మనసొప్పలేదు. అక్క ఉండేది తమ్ముడి ఇంటి పై అంతస్తులోనే. షెడ్డు వైపున్న కిటికీ ఎప్పుడూ మూసే ఉంచుతుంది.

ఈసారి అతను పెద్ద పనే పెట్టుకున్నాడు. ముందు చక్రాల పాత బ్రేకులు తీసేసి కొత్త డిస్క్ బ్రేకులు వేశాడు. వాటి కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. స్టీరింగుని చక్రానికి కలిపే కీలు కూడా మార్చాడు. అన్నిటికీ మించి, కూతురికి మాటిచ్చాడు — ఆదివారం కొండ రోడ్డు మీద తిప్పుతానని. ఆ రోడ్డుకి ఒక పక్క రాయి, రెండో పక్క లోయ. పక్క సీట్లో చిన్నది కూర్చుంటుంది.

అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాడు. ఈమధ్యే ఒక పద్ధతి నేర్చుకున్నాడు. నట్టు బిగించాక దానిమీంచి పక్కనున్న ఇనుము మీదికి పసుపు రంగుతో సన్నటి గీత గీస్తాడు. నట్టు ఏమాత్రం కదిలినా గీత రెండు ముక్కలవుతుంది, చూడగానే తెలిసిపోతుంది.

ఒకరోజు చూస్తే... ముందు చక్రం నట్టు మీద గీత తప్పింది.

వంగి మళ్ళీ చూశాడు. వెంట్రుకవాసి తేడా. ఇంకొకరైతే పట్టించుకోరు. రోజంతా కళ్ళకి అద్దాలు అమర్చేవాడికి వెంట్రుకవాసి అంటే చాలా దూరం. పానా పెట్టి చూశాడు, తిరక్కుండానే టక్‌మంది. బిగువుగానే ఉంది.

అక్కడే మొదలైంది అనుమానం. వదులైతే అది మామూలే, బండి అదురుకి వదులైందనుకోవచ్చు. బిగువుగా ఉండి గీత తప్పిందంటే... ఎవరో దాన్ని విప్పి, మళ్ళీ బిగించారు. అంటే చక్రం ఊడదీశారు. ఎందుకు ఊడదీస్తారు? లోపలున్నవి తీసుకోవడానికి!

షెడ్డు తాళంచెవి అతని దగ్గర కాకుండా ఇంకొక్కరి దగ్గరే ఉంది. పక్క షెడ్డు స్నేహితుడు, లిఫ్టులు బాగుచేసేవాడు. అతను చెవిలో చెప్పిన గుసగుస కూడా వీధి చివరికి వినిపిస్తుంది, అందుకని సైలెన్సర్ అని పేరు పడిపోయింది. అతనికీ అచ్చం ఇలాంటి కారే ఉంది — బ్రేకులు పాడై, ఇటుకల మీద నిలబడి. కొత్త బ్రేకులు వచ్చిన రోజు వాటిని చేత్తో నిమురుతూ, "నా బండికి ఇలాంటివి ఎప్పుడు దొరుకుతాయో" అన్నాడు. అప్పుడు అది స్నేహితుడి మాటలా ఉంది. ఇప్పుడు దొంగ మాటలా వినిపించింది.

అద్దాలాయన చక్రాలన్నీ విప్పి చూశాడు. కొత్తవి కొత్తగానే ఉన్నాయి. అయినా అనుమానం చావలేదు... ఇంకా మార్చలేదేమో, కొలతలు చూసుకుంటున్నాడేమో. మళ్ళీ బిగించి, మళ్ళీ గీతలు గీశాడు. తెల్లారి చూస్తే మళ్ళీ తప్పాయి.

ఆ సాయంత్రం అతను కారు కింద పడుకుని స్టీరింగు పని చేస్తూంటే సైలెన్సర్ వచ్చాడు.

"ఏరా, ఇంకా కాలేదా నీ బండి పూజ?"

అద్దాలాయన కింద నుంచి జారి బయటికొచ్చాడు. "రాత్రి ఇక్కడికొచ్చావా?"

"నేనా? ఎందుకొస్తాను?"

"గీతలు తప్పుతున్నాయి. చక్రాలు ఎవరో విప్పుతున్నారు. తాళంచెవి నీ దగ్గరే ఉంది."

సైలెన్సర్ పడీ పడీ నవ్వాడు. "మీ బావ చూసి పోతున్నాడేమోరా! నీ పనితనం మీద ఆయనకెప్పుడు నమ్మకముంది గనక?"

ఇంకొకప్పుడైతే ఇద్దరూ కలిసి నవ్వేవాళ్ళే. ఆ వేళ అద్దాలాయనకి ఒళ్ళు మండింది. "చచ్చినవాళ్ళ మీదికి నెట్టకు. నా కూతురు ఎక్కే బండిరా అది! నీకు బ్రేకులు కావాలంటే అడుగు, దొంగతనం దేనికి?"

సైలెన్సర్ నవ్వు ఆగిపోయింది. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. అంత గొంతున్నవాడు ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు.

అద్దాలాయన ఆ కోపంతోనే మళ్ళీ కారు కిందకి దూరి, గీతలు గీసి, తాళం వేసి ఇంటికెళ్ళాడు.

మర్నాడు చూస్తే... ఇంకో చక్రం మీద గీత తప్పింది.

తాళంచెవులు రెండూ తన జేబులోనే ఉన్నాయి. తాళం వేసినట్టే ఉంది. "దొంగ తాళంచెవి చేయించుకున్నాడన్నమాట" అనుకున్నాడు. కానీ అలా అనుకుంటూంటే... వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి పెట్టినట్టయింది. బావ చూసి పోతున్నాడేమో అన్న మాట ఎంత తోసేసినా పోలేదు.

శనివారం రాత్రి. తెల్లారితే ప్రయాణం. భార్యతో షాపు లెక్కలున్నాయని చెప్పి, షెడ్డులోకి వెళ్ళి లోపలి నుంచి గడియ పెట్టకుండా తలుపు దగ్గరికి వేశాడు. పైకప్పు మడిచి ఉన్న కారు మీద కప్పిన ముసుగు గుడ్డ పైకెత్తి, డ్రైవరు సీట్లో దూరి, గుడ్డ మళ్ళీ కిందకి లాక్కున్నాడు.

చీకటి. ముక్కులో గ్రీజు వాసన. తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

చాలాసేపు ఏమీ జరగలేదు. వాచ్‌మన్ ఇవతలే ఆగి, "అంతా బాగానే ఉంది" అనుకుని వెళ్ళిపోయాడు. అద్దాలాయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తవకముందే...

తలుపు కిర్రుమంది.

అడుగులు. మెల్లగా... కాలు ఈడుస్తున్నట్టు. సైలెన్సర్ నడక ఇలా ఉండదే! బల్ల మీద ఇనుము కదిలిన చప్పుడు. గుడ్డ బయట వెలుతురు మసగ్గా పాకింది. కారు కొంచెం ఊగింది — ఊగి, ఆగింది.

టక్.

అతని కాలి పక్కనే. ఆ చప్పుడు ఒంట్లోకి పాకింది. బయట ఎవరో గొణుగుతున్నారు... "ఇది సరే... ఇదీ సరే..."

టక్.

భయం హద్దు దాటితే మనిషికి తెగింపొస్తుంది. గుడ్డని రెండు చేతులతో విసిరికొట్టి, "ఎవడ్రా అది!" అని గావుకేక పెట్టాడు.

"చచ్చాను బాబోయ్!"

పానా ఠంగున నేల మీద పడింది. చక్రం పక్కన పీట వేసుకుని కూర్చున్న ఆకారం గుండెల మీద చెయ్యి వేసుకుని వెనక్కి వాలిపోయింది. చెయ్యి చాచి లైటు వేశాడు.

అక్క!

కాసేపు ఇద్దరికీ ఆయాసమే. ముందు అక్కే తేరుకుంది. "ఒరేయ్ వెధవా, గుండాగిపోతే ఎవడ్రా దిక్కు? ముసుగేసుకుని అందులో దాక్కోవడమేమిటి?"

"నువ్వేంటక్కా ఇక్కడ... ఈ టైములో..."

ఆవిడ చీర కుచ్చిళ్ళు దులుపుకుంది, మొహం చూపించలేదు. "పాత తాళంచెవి నా దగ్గర ఒకటుండిపోయింది. నువ్వు పని చేసిన ప్రతిసారీ వస్తూనే ఉన్నాను. బండి మొహం చూడనని అందరి ముందూ అన్నాక, పగలు ఏ మొహం పెట్టుకుని రాను?"

"వచ్చి... విప్పుతున్నావా?"

"కాస్త వదులు చేసి, మళ్ళీ టక్‌మనేదాకా బిగిస్తాను. మీ బావా నేనూ ఎప్పుడూ అలాగే చేసేవాళ్ళం. ఒకరు బిగిస్తే రెండోవాళ్ళు చూడాలి. బిగించినవాడికి తను చేసిందంతా సరిగ్గానే కనిపిస్తుందిరా. నువ్వేమో ఒక్కడివే బిగిస్తావు, నువ్వే గీతలు గీసుకుంటావు. రేపు నా మేనకోడలు కూర్చోవద్దూ అందులో?"

అద్దాలాయన ఏడ్చేశాడు, సిగ్గుపడలేదు. ఇన్నాళ్ళూ దెయ్యమని వాచ్‌మన్ హడలి చచ్చింది అక్క చేసే చప్పుడుకా! అంతలోనే సైలెన్సర్ మొహం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. తెల్లారగానే వెళ్ళాలి, వాడు వీధంతా వినిపించేలా తిట్టినా పడాలి అనుకున్నాడు.

"సరే, వచ్చినదానివి పూర్తిగానే చూశావు కదా. కిందది కూడా నేను ఒక్కసారి చూసుకుంటాను" అని టార్చి తీసుకుని, కింద చిన్న చక్రాలున్న చెక్క మీద వెల్లకిలా పడుకుని కారు కిందకి జారాడు.

స్టీరింగు కీలు నట్టు. దానిమీద తను గీసిన పసుపు గీత ఉంది. కానీ రెండు ముక్కలు ఒకదానికొకటి సంబంధమే లేనట్టున్నాయి. వెంట్రుకవాసి కాదు... నట్టు దాదాపు అరచుట్టు తిరిగింది.

గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఆ నట్టు వేళ్ళతో ఎక్కించాడంతే. ఈలోగా సైలెన్సర్ వచ్చాడు, గొడవైంది. కోపంతో మళ్ళీ కిందకి దూరినప్పుడు, నట్టు ఉంది కదా అని గీత గీసేశాడు. బిగించలేదు. కొండ రోడ్డు మొదటి మలుపులోనే ఊడిపోయేది. పక్క సీట్లో చిన్నది...

పానా అందుకుని పెట్టి చూశాడు. తిరక్కుండానే టక్‌మంది. పసుపు ముక్కల మీంచి, తిన్నగా, ఎర్రటి గీత ఒకటి గీసి ఉంది. గోళ్ళరంగు.

"అక్కా! ఇది నువ్వు చూడకపోతే కొంప మునిగేదే. ఎర్రగీత కూడా గీశావే!"

పైన పీట కిర్రుమంది.

"అక్కా?"

"నేను కిందకి ఎప్పుడు దిగానురా?" అంది అక్క, చాలా మెల్లగా. "ఈ మోకాళ్ళతో నేలమీద పడుకుంటే మళ్ళీ లేవగలనా? పైవి నేను చూసేదాన్ని... కిందవి ఆయన. చూశాక నా గోళ్ళరంగు దొంగిలించి గీత పెట్టేవారు. ఆ సీసా నేను ఎప్పుడో పారేశాను."

అద్దాలాయన వేలు చాచి ఆ గీతని ముట్టుకున్నాడు.

తడి. వేలికి అంటింది.

ఎలా బయటికొచ్చాడో అతనికే తెలీదు. అతని చేతిలోని పానా అక్క తీసుకుంది. కారు పక్కన నేలమీద, బండి ముక్కుకి దగ్గరగా, కింద పడుకున్నవాళ్ళ చేతికి అందేలా పెట్టింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ భయం లేదు. కొంచెం వంగి, కారు కింద చీకట్లోకి, రోజూ మాట్లాడే మనిషితో మాట్లాడినట్టే అంది —

"పైవన్నీ అయిపోయాయండీ."

తర్వాత తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. లైటు తీయించింది, తాళం వేయించింది. కానీ వెంటనే కదల్లేదు. తలుపు దగ్గర చెవి పెట్టి నిలబడింది. అతనూ నిలబడ్డాడు, ఆవిడ చెయ్యి వదలకుండా.

లోపల... టక్.

"పద" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "రేపు భయం లేకుండా తోలుకోరా."