ఆ రెండో వైరు

పొద్దుటి హడావుడి సద్దుమణిగి, భర్త డ్యూటీకి వెళ్లగానే కోడలు కూరగాయలు ముందేసుకుని టీవీ దగ్గర చేరింది. వంటల కార్యక్రమంలో వంటలావిడ కేకు బయటికి తియ్యబోతోంది. టక్కున ఛానల్ మారిపోయింది. కేకు బదులు ఏదో పాత నలుపూ తెలుపూ సినిమా, అందులో ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

రిమోట్ స్టూలు మీదే ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు.

"అత్తయ్యా, మళ్లీ మారింది!"

బట్టలు మడతపెడుతున్న అత్తగారు తలైనా ఎత్తలేదు. "మారితే మారనీ. నువ్వు మాత్రం తిప్పకు."

కాపురానికి వచ్చినప్పటి నుంచీ కోడలికి ఇదే వరస. ఒక్కోసారి ఛానల్ మారుతుంది, ఒక్కోసారి సౌండు దానంతటదే తగ్గుతుంది. టీవీ పైన మామగారి ఫొటో. ఆయన పోయింది కూడా టీవీ ఎదురుగా ఉన్న కుర్చీలోనేనట. 'పాత బాక్సు, పిచ్చి వేషాలేస్తుంది' అని భర్త కొట్టిపారేశాడు గానీ, ఆమెకు హాల్లో ఒంటరిగా ఉండాలంటే గుండె దడ.

"కొత్త కంపెనీ కనెక్షన్ పెట్టిస్తారా, నన్ను మా పుట్టింటికి పొమ్మంటారా?" అని చివరికి మొగుణ్ణి నిలదీసింది. అత్తగారు కాదనలేదు. "పెట్టించుకోండి. గోడల్లో పాత వైర్లు మాత్రం ఒక్కటి కూడా పీకడానికి వీల్లేదు," అంది.

మెకానిక్ వచ్చే రోజు టీవీ బుద్ధిగా ఉంది. వంటలావిడ కేకు తీసింది, కోసింది, తినేసింది కూడా. ఛానల్ మారలేదు.

"చూశారా అత్తయ్యా! కొత్త కనెక్షన్ అనగానే దెయ్యం మూటాముల్లే సర్దుకుంది."

అత్తగారు నవ్వలేదు. ఆమె ముందు కాఫీ అలాగే చల్లారిపోయింది. లేచి రిమోట్ అందుకుని కుస్తీ పోటీలు పెట్టింది. సౌండు పెంచింది, ఇంకా పెంచింది. ఒకప్పుడు ఆ ఇంట్లో కుస్తీలు చూసింది మామగారూ, ఆయన అన్నగారూ మాత్రమే. అత్తగారికి అవంటే గిట్టదు. అలాంటిది ఇప్పుడు తెర వైపు కాదు, పక్కనున్న గోడ వైపు చూస్తూ గొణుగుతోంది.

"మార్చు... మార్చవేం?"

తలుపు చప్పుడైతే కోడలు ఉలిక్కిపడింది. వచ్చింది మెకానికే.

అతను టీవీని ముందుకు జరిపి వెనక్కి తొంగిచూశాడు. "పాత వైరు బాగానే ఉందమ్మా, కొత్తది లాగక్కర్లేదు. డిష్ నుంచి వచ్చేది ఇదీ. మరి బాక్సు నుంచి ఈ రెండోది ఎక్కడికి పోతోంది?"

అది గోడలోకి పోతోంది. ఆ గోడకు అవతల వీళ్లకు గదే లేదు.

"పనికిరానిదే అయ్యుంటుంది, కత్తిరించేస్తా."

"వద్దు!" అత్తగారు వచ్చి అతని చెయ్యి పట్టేసుకుంది.

కోడలి ఓపిక నశించింది. "ఇన్నాళ్లూ నేను భయంతో చస్తుంటే మీరు గుడ్లప్పగించి చూశారు! మీకంతా తెలుసు. ఎవరున్నారు ఆ గోడలో?"

"గోడలో కాదే, గోడ అవతల." అత్తగారు మెకానిక్ చెయ్యి వదిలింది. "మా తోడికోడలు. మీ పెద్దత్తయ్య."

ఒకప్పుడు ఇదంతా ఒకటే ఇల్లు. అన్నదమ్ములు నీళ్ల మోటారు దగ్గర మాటా మాటా అనుకుని మధ్యలో గోడ కట్టేశారు. అటువాళ్ల గుమ్మం వెనక వీధిలోకి తిరిగింది. చెంచాలతో సహా పంచుకున్నారు.

"వైరు సంగతి మగాళ్లకు తట్టలేదు, మేం గుర్తుచెయ్యలేదు. బాక్సు ఒకటే, టీవీలు రెండు. గోడ అవతల్నుంచి కూడా పనిచేసే రిమోట్ ఇంకోటి అక్క దగ్గరుంది. వాళ్లిద్దరూ పోయాక, ముందెవరు పలకరించాలని మా ఇద్దరికీ పంతం. అక్క మారుస్తుంది, నేను చూస్తా. మారిందంటే బతికుందని నాకు ధైర్యం. నిన్నట్నుంచీ మార్చలేదే! కుస్తీ పెట్టినా మార్చలేదు. కుస్తీ అంటే అక్కకి ఒళ్లుమంట..."

"మరింకా ఇక్కడే కూర్చున్నారేం? పదండి! పంతాలు తర్వాత పడుదురుగాని."

సందు తిరిగి ముగ్గురూ పరుగెత్తారు. ఎంత పిలిచినా పలుకు లేదు. మెకానిక్ భుజంతో తలుపు నెట్టి గడియ ఊడగొట్టాడు. కిటికీలన్నీ మూసిన గదిలో టీవీ వెలుగొక్కటే కదులుతోంది. దాంట్లో అవే కుస్తీలు, అదే హోరు. మంచానికీ గోడకూ మధ్య పెద్దావిడ కాలు మడతపడి, కళ్లు మూసుకుని ఉంది. రిమోట్ చేతికందని దూరంలో పడి ఉంది.

"అక్కా!"

ఎండిన పెదవులు మెల్లగా కదిలాయి. "ముందా కుస్తీ ఆపవే... ప్రశాంతంగా చావనివ్వవా?"

అత్తగారు ఆమె తల ఒళ్లోకి తీసుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. "గోడ వాళ్లు కట్టారక్కా. మనమెందుకు కాపలా కాశాం దానికి?"

కాలికి కట్టుకట్టించి పెద్దావిడను ఇటువైపే తీసుకొచ్చారు. పాత వైరుతోనే కొత్త బాక్సు నడుస్తోంది. అవతలి పాత రిమోట్ దీనికి పనిచెయ్యదని మెకానిక్ చెప్పినా, అత్తగారు ఆ రెండో వైరు తియ్యనివ్వలేదు. ఆ ఇంటికి తాళం వేసి, తాళంచెవి కోడలే దాచింది. టీవీ పైన ఇప్పుడు అన్నదమ్ముల ఫొటోలు పక్కపక్కన ఉన్నాయి.

ఓ పొద్దున అత్తగారూ పెద్దావిడా పాత సినిమా చూస్తూ ఒకరినొకరు దెప్పుకుంటున్నారు. కోడలు కూరలు తరుగుతోంది. టక్కున ఛానల్ మారింది.

కుస్తీలు. సౌండు మెల్లగా పెరుగుతోంది.

కోడలు కత్తి కింద పెట్టింది. రిమోట్ స్టూలు మీదే ఉంది. ఇద్దరి చేతులూ ఖాళీగానే ఉన్నాయి. అత్తగారు రిమోట్ అందుకోబోతే పెద్దావిడ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఉండనీవే," అంది ఫొటోల వైపు చూస్తూ, కళ్లొత్తుకుంటూ. "వాళ్లూ మాట్లాడుకుంటున్నట్టున్నారు."

తమకు బొత్తిగా గిట్టని ఆ కుస్తీని ఇద్దరూ చివరిదాకా చూశారు. కోడలు లేచి వచ్చి వాళ్లిద్దరి మధ్యా కూర్చుంది.