మరిదిగారు కొన్న మూడో వాటా

పంపులో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. స్నానాల గదిలోంచి ఆయన పాట మాత్రం ధారాళంగా వస్తోంది. ఆమె ఒక చేత్తో కూతురి యూనిఫాం ఇస్త్రీ చేస్తూ, రెండో చేత్తో ఆఫీసుకి మెసేజి కొడుతూ ఉండగా పోస్టుమాన్ తలుపు తట్టాడు. రిజిస్టర్డ్ పోస్టు. సంతకం పెట్టి తీసుకుంది. కవరు మీద ఎవరో లాయరు ముద్ర.

లాయరు తనకెందుకు రాస్తాడు? లైబ్రరీ పుస్తకం కూడా ఏనాడూ ఆలస్యంగా తిరిగివ్వని మనిషి ఆమె. కవరు చించి ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. యూనిఫాం మాడిన వాసన వచ్చేదాకా చదువుతూనే ఉంది.

ఆమె తల్లి ముగ్గురు పిల్లలకీ కలిపి వదిలివెళ్ళిన ఇంట్లో, పంచుకోని మూడో వాటాని 'మా క్లయింటు' కొన్నారట. మిగతా ఇద్దరు వాటాదారులూ ఇల్లు అమ్మడానికి ఒప్పుకోకపోతే కోర్టులో దావా వేస్తారట. ఆ ఇద్దరంటే తనూ, అక్కా. క్లయింటు చిరునామా చూస్తే, ఇప్పుడు తను నిలబడి ఉన్న ఇల్లే. క్లయింటుగారు లోపల కళ్ళలో సబ్బు పడి "తువ్వాలు! తువ్వాలు!" అని కేకలు పెడుతున్నాడు.

మొగుడు పెళ్ళానికి లాయరు నోటీసు పంపడం లోకంలో లేని వింతేం కాదు. పంపానన్న సంగతి తనకే తెలియని మొగుణ్ణి మాత్రం మీరెక్కడా చూసి ఉండరు.

"ఇదేంటండీ?" అంది తువ్వాలుతో పాటు కాగితం కూడా అందిస్తూ.

ఆయన మొహం తుడుచుకుని చూశాడు. తుడుచుకున్న మొహానికి మళ్ళీ చెమట పట్టింది. "ఇది... ఇది నీకెలా వచ్చింది?"

"పోస్టులో వచ్చింది."

"ఛ! ఆ లాయరుకి బుర్ర లేదు. వాటాదారులందరికీ పంపమన్నాను గానీ..."

"నేను వాటాదారుని కానా?"

ఆయన నసుగుతూ అన్నాడు. "నీ వాటా అంటే మనదే కదా అని... లెక్కలో పడలేదు."

లెక్కలో పడలేదట! ఆయన నీటి మోటార్ల షాపులో సేల్స్‌మాన్. ఆదివారమొస్తే ఏదో ఒక హాల్లో కూర్చుని, సొంత డబ్బు లేకుండా ఇళ్ళు కొనడమెలాగో నేర్చుకుని వస్తాడు. అద్దె ఇంట్లో నీళ్ళ కోసం తన్నుకుచచ్చే పెళ్ళానికి సొంతిల్లు ఇవ్వాలన్న తపన నిజమే, కాదనలేం. మొదటిసారి, అగ్రిమెంటు రాసుకుని రిజిస్ట్రేషన్‌కి ముందే ఇంకొకడికి ఎక్కువకి అమ్మేద్దామనుకున్నాడు. ఆ ఇల్లు అమ్మే మొగుడూ పెళ్ళాలిద్దరి పేరా ఉంటే, మొగుడితో మాత్రమే సంతకం పెట్టించుకుని వచ్చాడు. ఆ పెళ్ళాం అడ్డం తిరిగింది, అడ్వాన్సు గంగలో కలిసింది. భార్యల్ని లెక్కలోంచి వదిలేయడం ఆయనకు అప్పటినుంచే అలవాటన్నమాట.

ఈసారి కొత్త ఎత్తు. ఉమ్మడి ఇంట్లో డబ్బు అవసరంలో ఉన్నవాణ్ణి పట్టుకుని, వాడి వాటా చవగ్గా కొనాలి. మిగతావాళ్ళని కోర్టు పేరు చెప్పి బెదిరించి, ఇల్లంతా అమ్మించాలి. ఆమె తమ్ముడి కారు రిపేరు షెడ్డు మునిగిపోయే స్థితిలో ఉంది. బావ డబ్బు చూపించగానే అక్కలతో ఒక్క మాటైనా చెప్పకుండా సంతకం గీకేశాడు.

"ఆ ఇంట్లో అక్క ఉంటోందండీ!" అంది ఆమె. "ఉండటమే కాదు, బతుకుతోంది. ఆ ఇల్లు అమ్మితే తన పని ఏమవుతుంది?"

"వదినగారికి వాటా డబ్బు వస్తుంది కదా. నువ్వు కాస్త ప్రాక్టికల్‌గా..."

"ఆ మాట అక్క మొహం మీద అనండి. రండి."

కూతుర్ని స్కూలు దగ్గర దింపి, ఆఫీసుకి సెలవు చెప్పి, దారంతా ఒక్క మాట లేకుండా నడిచింది. ఆయన వెనకే వివరాలు చెప్పుకుంటూ వచ్చాడు. రోడ్డు వెడల్పయిందనీ, రేట్లు పెరిగాయనీ, ఇదే సమయమనీ. ఆమెకి ఒక్కటీ చెవికెక్కలేదు.

అక్క ఉద్యోగాలకెళ్ళే తల్లుల పసిపిల్లల్ని సాయంత్రం దాకా చూసుకుంటుంది. ముందుగది నిండా చాపలు, చాపల మీద బుల్లి పరుపులు, పరుపుల మీద నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్న పిల్లలు. తలుపు దగ్గరే పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడింది అక్క. రెండో చేతిలో ఆవిడకొచ్చిన నోటీసు ఉంది.

"రండి మరిదిగారూ. చెప్పులతో పాటు గొంతు కూడా బయటే వదిలేసి రండి. ఇప్పుడే పడుకున్నారు. ఎవరైనా లేచారంటే మీరే జోకొట్టాలి. తిట్టుకోవాల్సిందేదో మెల్లిగా తిట్టుకుందాం."

అలా ముగ్గురూ గోడవార పిల్లల పీటల మీద, మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా కూర్చుని గుసగుసలతో కొట్లాడుకున్నారు. కోపమొచ్చినప్పుడు అరవలేకపోవడం ఎంత నరకమో ఆ రోజు తెలిసొచ్చింది వాళ్ళకి.

"మీ వాటా డబ్బుతో చిన్న ఫ్లాటు వస్తుంది వదినగారూ."

"ఫ్లాటులో ఇంతమంది పసివాళ్ళని ఏడవనిస్తారా? పక్కవాళ్ళు నన్ను బతకనిస్తారా?"

"ఇంకేదైనా పని..."

"ఈ వయసులో నాకెవరిస్తారండీ పని? మీ షాపులో మోటార్లు మొయ్యమంటారా?"

చెల్లెలు పళ్ళు బిగించి అంది. "తమ్ముడంటే కష్టంలో ఉండి అమ్ముకున్నాడు. మీకేం కష్టమొచ్చిందని కొన్నారు?"

"నేను కాకపోతే ఎవడో బయటివాడు కొనేవాడు! అప్పుడు..."

"అప్పుడు పోట్లాడేదాన్ని!" అంది అక్క. "బయటివాడితో ఎలా పోట్లాడాలో నాకు తెలుసు. ఇంటి మనిషితో ఎలా పోట్లాడను?"

సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను గణగణా మోగింది. మూలనున్న చంటివాడు ఉలిక్కిపడి లేచి గుక్కపెట్టాడు. అక్క ఒక్క చూపు చూసి, వాణ్ణి తీసుకొచ్చి మరిదిగారి భుజానికి అంటించేసింది. రెండు చేతులూ వాడికే సరిపోయి ఆయన తడబడుతుంటే, ఫోను చెల్లెలు తీసి నొక్కి, స్పీకరు సన్నగా పెట్టి ఆయన ముందుంచింది. లాయరు.

"సార్, నోటీసులు చేరాయి. మీ మిసెస్‌ది కూడా. అది రూలు సార్, వాటాదారు ఎవర్నీ వదలకూడదు. ఇంకో ముఖ్యమైన పాయింటు. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో బయటివాడు వాటా కొని దావా వేస్తే, ఆ వాటాని కోర్టు కట్టిన ధరకి మిగతా వాటాదారులే తిరిగి కొనేసుకోవచ్చు. మీకేం మిగలదు. అందుకని మీరూ ఆ కుటుంబంలో మనిషేనని గట్టిగా రాద్దాం. అప్పుడు ఆవిణ్ణి ఖాళీ చేయించడం తేలిక. ఆ ఇంట్లో మీరెప్పుడైనా ఉన్నారా సార్? ఏదైనా ఉంటే చెప్పండి, పనికొస్తుంది."

ఆయన భుజం మీద చంటివాడు వెక్కుతున్నాడు.

అక్క ఫోను మీదికి వంగింది. "ఉన్నారు లాయరుగారూ. మా చెల్లెలు కడుపుతో మంచం దిగకూడదన్నప్పుడు, ఆ నెలలన్నీ ఇక్కడే ఉన్నారు. ఈ ముందుగది వాళ్ళకిచ్చి నేను వంటింట్లో పడుకున్నాను. పాప పుట్టాక మొదటి స్నానం ఈ చేతులతోనే పోశాను. అవన్నీ రాసుకోండి. నన్ను గెంటడానికి పనికొస్తాయిగా."



ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గదిలోనే ఆ రోజుల్లో ఆయన నేల మీద పడుకుని, తన చెయ్యి పట్టుకునే నిద్రపోయేవాడు. ఆ మనిషీ ఈ మనిషీ ఒక్కరేనా అని చూస్తే, చంటివాణ్ణి భుజానేసుకుని తల దించుకున్న ఆయన మెడ ఎర్రబడి ఉంది.

"లాయరుగారూ," అన్నాడు ఆయన, మిగతా పిల్లలు లేవకుండా మెల్లిగా. "నేను బయటివాణ్ణనే రాయండి."

"సార్, అలా రాస్తే మీ లాభం మొత్తం..."

"అసలేం రాయొద్దు. దావా లేదు, ఏం లేదు. నోటీసు వెనక్కి తీసుకోండి." తల ఊపి ఫోను కట్టెయ్యమన్నాడు.

ఆయన భార్య వైపు తిరిగాడు. "ఆ వాటా వదినగారికి రాసిచ్చేద్దామా?" అని అడిగాడు.

ఏదైనా చేసే ముందు ఆయన తనని అడగడం ఎన్నేళ్ళకో. పొద్దుటినుంచీ రగిలిన కోపం అంత తొందరగా చల్లారదు, చల్లారలేదు కూడా. అయినా "రాసిచ్చేద్దాం" అంది.

"ఊరికే ఇస్తే నాకొద్దు," అంది అక్క. "మీరు కొన్న ధరే, నెలనెలా ఇస్తాను. చిల్లిగవ్వ ఎక్కువివ్వను."

"సరే వదినగారూ."

"వడ్డీ అంటే ఊరుకోను."

"అనను."

"మా తమ్ముణ్ణి నేను తిడతాను. మీరు తిట్టకండి."

"తిట్టను వదినగారూ. తిట్టడానికి నాకేం మొహం ఉంది?"

అక్క ఇంకేదో దెప్పబోయి, పీట మీద అలాగే కూలబడి, మోకాళ్ళ మీద నోటీసు పెట్టుకుని దాన్ని చదును చేస్తూ ఉండిపోయింది. తల్లి పోయిననాడు కూడా వచ్చినవాళ్ళకి కాఫీలిస్తూ తిరిగిన మనిషి భుజాలు ఇప్పుడు వణుకుతున్నాయి.

"నిన్నట్నుంచీ ముద్ద దిగలేదే చిట్టీ," అంది. "నిన్ను కలుపుకునే ఈయన ఇదంతా చేశారేమో అనుకున్నాను. ఫోను చేసి అడుగుదామంటే భయమేసింది. అవునంటావేమోనని."

ఆమె పీట మీంచి జారి కింద కూర్చుని, అక్క ఒళ్ళో మొహం దాచుకుంది. "నేనా అక్కా? నిన్నా?" అని తప్ప ఇంకేమీ అనలేకపోయింది. అక్క చెయ్యి ఆమె తల మీద పడింది.