తొంభై ఆరు మార్కుల జవాబు

1988 ఏప్రిల్. రామగుండం స్టేషన్‌లో, పట్టపగలు, రైలు ఆగీ ఆగకముందే మైమూనా పొట్టలో రెండు తూటాలు దిగాయి. ఢిల్లీలో ఒక విదేశీ ఎంబసీకి ఆమె దుభాషి. జీతం వాళ్లది, రహస్యాలు మనకు. పట్టుచీర రక్తంతో తడిసి ముద్దవుతుంటే, తనను కలవడానికొచ్చిన ఏజెంట్ సర్వర్ కాలరు పట్టుకుంది.

"బొగ్గు గనిలో, రెండో షిఫ్టులో బాంబు. ప్రొఫెసర్ లింగమూర్తిని అడుగు."

అంతే, ప్రాణం పోయింది. సర్వర్ ఆమె కళ్లు మూశాడు. కానీ ఏడవడానికి టైమెక్కడిది? షిఫ్టుకు గంట కూడా లేదు.

లింగమూర్తి గోదావరిఖని గెస్ట్‌హౌస్‌లో తీరిగ్గా టీ తాగుతున్నాడు. యూనివర్సిటీలో మైనింగ్ పాఠం చెప్పడంలో ఆయన్ను మించినవాడు లేడు. సర్వర్ కూడా ఆయన శిష్యుడే. శిష్యుడు ఈసారి దండం పెట్టలేదు. ఒకే ఒక్క తూటా పట్టే పెన్ను పిస్టల్‌ను గురువు కణతకు ఆనించాడు.

"చెప్పుండ్రి సార్. జల్ది."

"నాకేం తెల్వదురా! గనిని ఒక్క దెబ్బకు కూల్చాలంటే బాంబు ఎట్ల చెయ్యాలె అని పరీక్షల అడిగిన. ప్రమాదాలు ఆపెటందుకే గదా! ఒక విదేశీ సంస్థ మంచి జవాబు పంపుమంటే పంపిన. దేశాల కొట్లాటలతోని నాకేం పని?"

"ఇయ్యాల సాయంత్రం ఇంకో దేశంతోని మనకు బొగ్గు ఒప్పందమున్నది. గనిల మూడు వందల మంది సస్తే అది ఆగిపోతది. ఎవరి జవాబు పంపిన్రు?"

ఆయన తల దించుకున్నాడు. "నీదే. తొంభై ఆరు వేసిన."

సర్వర్ పెన్ను పిస్టల్ దించాడు. పదేళ్ల కిందట ఫస్ట్ ర్యాంక్ కోసం ఎంత హుషారుగా రాశాడో! బాంబును టిఫిన్ డబ్బాలో దింపాలన్నదీ తన తెలివే.

గని దగ్గర కార్మికుల వరుస. బీడీలు, అగ్గిపెట్టెలు లోపలికి పోకుండా గేటు కాపలాదారు సదయ్య ఒక్కొక్కరినీ తడుముతున్నాడు. రోజూ దిగేవాళ్లు తమ వంతు రాకముందే డబ్బాతో సహా చేతులెత్తి నిలబడతారు. ఒక్కడు మాత్రం డబ్బాను పొట్టకు అదుముకుని నిలబడ్డాడు.

"సదయ్య కాకా, వాన్ని పట్టు!" సర్వర్ అరిచాడు.

వాడు కత్తి దూసి సదయ్య భుజంలో దించాడు. మరుక్షణం సర్వర్ మీదికి ఎగబడ్డాడు. పెన్ను పేలింది. దవడ పగిలి రక్తం చిమ్ముతున్నా వాడు కూలిపోతూ డబ్బా మీట నొక్కాడు. పది సెకన్లు! మూత తీస్తే లోపల అచ్చం తను గీసిన బొమ్మే. ఏ వైరు తెంపాలో ప్రపంచంలో అతనికే బాగా తెలుసు. పళ్లతో కొరికి తెంపాడు. ఒక్క సెకను దగ్గర గడియారం ముల్లు ఆగింది. కార్మికులు సదయ్యను ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తారు.

గెస్ట్‌హౌస్‌లో పోలీసులు బేడీలు వేస్తుంటే లింగమూర్తి బావురుమన్నాడు. "ప్రశ్న అడుగుడు గూడ నేరమేనారా?"

సర్వర్ తెగిన పెదవి తుడుచుకున్నాడు.

"మీరు అడిగిన్రు, నేను రాసిన. ఇద్దరం ఫెయిలే సార్. నేను ఇప్పుడే సప్లిమెంటరీ రాసొచ్చిన. మీకింక హాల్ టికెట్ రాలే."