లేని పంటకు లెక్కలు

ఉదయం ఇడ్లీ తింటూ ఫోన్ చూస్తున్న భవ్య చెయ్యి ఆగిపోయింది. తండ్రి పరిశోధన వ్యాసాన్ని ప్రచురించిన జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. మిరపలో నల్ల తామర పురుగుకు తమ వేప మందు పనిచేస్తుందని రెండేళ్ల ప్రయోగంలో తేలిందన్న ఆ వ్యాసం మీద ఎవరో సందేహం లేవనెత్తారట. రెండో ఏటి వివరాలు నిజమేనని రచయితలిద్దరూ రాసివ్వాలి. గడువు ఈ రోజే.

ఆ ఇద్దరిలో ఒకరు గుంటూరులోని ఓ ప్రైవేటు వ్యవసాయ కాలేజీ ప్రొఫెసర్ శివరామకృష్ణ. రెండో పేరు పీహెచ్‌డీ చేస్తున్న ఆయన కూతురు భవ్యది. మొదటి ఏడాది ఎండలో నిలబడి ఆకుల మీద పురుగులు లెక్కపెట్టింది ఆమే. అచ్చుకు ముందు ఆమె చూసిన ప్రతిలో ఆ ఒక్క ఏడాది వివరాలే ఉన్నాయి.

"నాన్నా, రెండో ఏడు పంటెక్కడిది? మనం ప్రయోగం పెట్టిన బుడే బాబాయి చేనంతా తుఫానుకి కుళ్లిపోయింది కదా!"

శివరామకృష్ణ పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఒక్క ఏడాది ఫలితాలు ఏ జర్నలూ వేసుకోదమ్మా. పండి ఉంటే అవే అంకెలు వచ్చేవి. నిజమేనని ఒక్క ముక్క రాసి పడెయ్."

"రాయను."

"ఏంటీ?"

"చూడనిది చూశానని రాయను నాన్నా."

"సోమవారం నా ప్రిన్సిపాల్ ఇంటర్వ్యూ. కన్నకూతురివై ఉండి నన్ను బజారుకీడుస్తావా?"

తల్లి కోటేశ్వరి చట్నీ గిన్నెతో పరుగున వచ్చింది. "ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనివ్వవే!"

"ఇది ఇంట్లో మాట కాదమ్మా. పురుగుమందుల షాపులో మన వ్యాసం ఫోన్లో చూపించి మరీ అమ్ముతున్నారు. మొన్న బుడే బాబాయి ఫోన్ చేశాడు. మీ నాన్నగారి మందే కదాని ఇంకేం కొట్టలేదమ్మాయ్, పూతంతా రాలిపోయింది అన్నాడు. ఆయనకేం చెప్పమంటారు?"

కోటేశ్వరి గిన్నె బల్ల మీద పెట్టి భర్త వైపు చూసింది.

"సాయంత్రం దాకా చూస్తాను. నిజం మీరు రాస్తే సరే. లేకపోతే నేను రాస్తాను," అంది భవ్య.

"రాస్తే ఈ ఇంట్లో..." ఆయన గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

"పొమ్మంటే పోతాను. అబద్ధానికి మాత్రం నా పేరు ఇవ్వను."

ఆయన టిఫిన్ వదిలేసి స్కూటర్ తీశాడు.

సాయంత్రం భవ్య లాప్‌టాప్ ముందు కూర్చుని మెయిల్ పూర్తిచేసింది. కోటేశ్వరి ఈసారి వద్దనలేదు. వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

గేటు చప్పుడైంది. శివరామకృష్ణ లోపలికొచ్చాడు. ప్యాంటు అంచులకు నల్లమట్టి అంటుకుని ఉంది.

"కాలేజీకి వెళ్లలేదు. బుడే చేనికి వెళ్లాను," అన్నాడు కుర్చీలో కూలబడి. "తిడతాడనుకున్నా. మీరు చెప్పారంటే తప్పుండదు సార్, నేనే సరిగ్గా కొట్టలేదేమో అన్నాడు." చెయ్యి చాచాడు. "ఏం రాశావో చూపించు."

భవ్య లాప్‌టాప్ ఆయనవైపు తిప్పింది. "చదవండి. ఒక్క అక్షరం కూడా మార్చను."

ఆయన చివరిదాకా చదివాడు. మళ్లీ పైకి వెళ్లి ఒకచోట వేలు పెట్టాడు.

"రెండో ఏటి అంకెలు మా నాన్నగారు పొరపాటున చేర్చారని రాశావు. ఆ మాట తీసెయ్."

"తీయను. జరిగింది చెప్పి తీరాలి."

"జరిగింది అది కాదమ్మా." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "పొరపాటు కాదు. తెలిసే చేశాను. నా మీద జాలిపడి నువ్వెందుకు అబద్ధం రాయడం?"

పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు భవ్యకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "తెలిసే చేశారని నా చేత్తో రాయలేను నాన్నా."

"నువ్వు రాయక్కర్లేదు."

శివరామకృష్ణ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పొరపాటున అన్న మాట చెరిపేసి, తెలిసే చేశానని తానే టైప్ చేశాడు. వ్యాసాన్ని వెనక్కి తీసుకోండి అని చేర్చాడు. కింద కూతురి పేరుకు పైన తన పేరు పెట్టి, ఎవరినీ అడక్కుండా పంపేశాడు.