తల్లి చూసిన నీడ

నీడలకు మేత పెట్టడం పూర్తయ్యేసరికి తారకేశ్వరి వేళ్లు కొయ్యబారిపోయాయి. భీమిలి నీడగృహంలో వెచ్చగా ఉండేవి నీడలు మాత్రమే. వాటిని చూసుకునే మనుషులు శాలువాలు కప్పుకుని పనిచేయాలి. గోరంత గాజు పలకల మీద, తల్లుల నెత్తుటిలోంచి ఏరిన బిడ్డల కణాలతో పెంచిన బుల్లి కాలేయాలు, ఊపిరితిత్తులు, గ్రంథులు సన్నని కాలువలతో ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. తల్లి ముంజేతి పట్టీ ఆమె ఒంట్లో ఏం పారుతోందో ఎప్పటికప్పుడు చెబుతుంటే, గొట్టాలు అదే పాళ్లలో ద్రవం కలిపి పలకకు అందిస్తాయి. తల్లి తిన్నది నీడకూ అందుతుంది. తల్లి పీల్చిందీ అంతే. కాకపోతే నీడ తొందరగా ఎదుగుతుంది. కడుపులోని బిడ్డకు వచ్చే నెలలో జరగబోయేది పలక మీద ఇప్పుడే కనిపిస్తుంది.

కిటికీ పక్క వరసలో ఒక పలక చివర ఎర్రదీపం వెలిగింది.

"మైలపల్లి పోలేశ్వరి నీడ. మగ శిశువు. పొగ జాడ స్థిరపడింది," అంది ధాత్రి. గోడలోంచి వచ్చే ఆ యంత్రపు గొంతులో ఎప్పుడూ తొందర ఉండదు, జాలి కూడా ఉండదు. "ఒడిమార్పుకు సిఫారసు చేస్తున్నాను. రేపు మధ్యాహ్నం."

తారకేశ్వరి శాలువా భుజాల మీదికి లాక్కుని ఆ పలక ముందు కూర్చుంది. ఒడిమార్పు అంటే బిడ్డను తల్లి కడుపులోంచి తీసి, కొండ మీది భవనంలోని యంత్రపు ఒడిలో పెట్టడం. పుట్టేదాకా తల్లి గాజు అవతల నిలబడి చూడవచ్చు, అంతే. అలా పెరిగిన పిల్లలు ఆరోగ్యంగానే ఉన్నారు. ఆ తల్లులు ఎలా ఉన్నారో లెక్కగట్టే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

ఆమె పలకను పెద్దది చేసి చూసింది. పుట్టని బిడ్డ కాలేయం నిద్రలో ఉండాలి. విషాలను విరగ్గొట్టే ఎంజైములతో దానికి ఇప్పుడే పని లేదు, ఆ బరువంతా తల్లిది. పోలేశ్వరి నీడలో కాలేయం మేలుకుని, గనిలో దిగిన కూలీలా పనిచేస్తోంది. పొగతో పాటు, తాకకూడని హార్మోన్లను కూడా విరగ్గొడుతోంది. మగపిల్లవాడి ఒళ్లు మగపిల్లవాడిగా రూపు కట్టడానికి కావలసిన సంకేతాలు దాని పక్కనే పలచబడుతున్నాయి. తల్లి ఆందోళన బిడ్డకు చేరకుండా, ఇద్దరినీ కలిపే మాయలో కాపలా కాసే ఎంజైము కూడా సగానికి తగ్గింది. ధాత్రి చెప్పిందాంట్లో తప్పేమీ లేదు.

అయినా ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. ధాత్రి ఎప్పుడూ సగటు చూస్తుంది. తారకేశ్వరి సగటును పక్కకు నెట్టి రోజులను విడివిడిగా పరిచింది. పోయిన వారం మధ్యలో కాలేయం మళ్లీ నిద్రపోయింది. కొన్నాళ్లు హాయిగా, లోతుగా నిద్రపోయి, ఆ తర్వాత ఒక్కసారిగా ఉలిక్కిపడి లేచింది.

ఆ రోజుల్లో ఈవిడ ఏం చేసింది? భయం కన్నా ముందు తారకేశ్వరికి కలిగింది ఆ కుతూహలమే.

పోలేశ్వరి ఆ పూట నెత్తురివ్వడానికి రానే వచ్చింది. సముద్రం ముంచిన ఊళ్లవాళ్లంతా తెప్పల మీద కట్టుకున్న తేలువాడలో ఆమె ఇల్లు. మొగుడితో సమానంగా వేటకు వెళ్లే మనిషి; నడకలో ఇంకా పడవ ఊగుతున్నట్టే ఉంటుంది.

"ఎర్రదీపం ఎలిగిందంటగా మేడమ్? పట్టీ సెప్పింది," అంది కూర్చోకుండానే. "నా గుంటణ్ని అట్టుకెలిపోతారా?"

"ముందు కూర్చో. చుట్ట మానేశానన్నావు కదా?"

పోలేశ్వరి తల దించుకుంది. "కడుపుతో ఉన్నానని తెలిసిన కాడ్నుంచీ ఇంట్లో ముట్టనేదమ్మా. ఏటకెల్తేనే... అడ్డపొగ. నిప్పు నోట్లో ఎట్టుకుంతే గాలికి ఆరిపోదు. తెల్లారుగట్ల సలికి పళ్లు టకటకా కొట్టుకుంతాయి. మా అమ్మ, మా అత్త అందరూ అలగే కాల్చీవోరు."

"పోయిన వారం కొన్నాళ్లు కాల్చలేదు నువ్వు."

పోలేశ్వరి కళ్లు పెద్దవి చేసింది. "మీకెలగ తెలిసింది? తుపాను కదమ్మా, పడవలు దిగనేదు. ఇంట్లో కూకుంతే దాని ఊసే రానేదు నాకు." కడుపు మీద చెయ్యేసుకుని, "పొట్టలోనోడికి తెలిసిందేటి?" అని అడిగింది.

తారకేశ్వరి లోపలి తలుపు వైపు చూసింది. నీడను తల్లికి చూపరాదన్నది ఉద్యోగంలో చేరిన రోజునే నేర్పిన నియమం. చూస్తే తల్లి భయపడుతుంది, ఆ భయం బిడ్డకు చేరుతుంది అని కారణం చెప్పారు. ఆమె ఎన్నడూ దాన్ని ప్రశ్నించలేదు. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ముఖంలో భయం ఉంది నిజమే, కానీ దాన్ని మించి తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. ఇందాక పలక ముందు కూర్చున్నప్పుడు తనలో కలిగింది కూడా ఇలాంటిదే కదా అనుకుంది తారకేశ్వరి.

"రా," అంది. లేచి లోపలి తలుపు తీసింది.

"అనుమతి లేదు," అంది ధాత్రి.

తారకేశ్వరి వినిపించుకోలేదు. తన శాలువా తీసి పోలేశ్వరికి కప్పి, పలక ముందు కూర్చోబెట్టింది. పెద్దది చేసి చూపే అద్దంలో అరచేయంత కాలేయం నీలంగా మిణుకుమంటోంది. దాని పక్కన ఊపిరితిత్తి పొర ఉబ్బుతూ, తగ్గుతూ ఉంది.

"ఓలమ్మో... ఇదేనా నా బిడ్డ?"

"బిడ్డ కాదు. బిడ్డకు రాబోయేది. ఆ నీలం వెలుగు ఉందే, అది ఇప్పుడు ఉండకూడదు. నువ్వు కాల్చిన పొగను విరగ్గొడుతూ వీడు అప్పుడే చాకిరీ చేస్తున్నాడు." ఆమె తుపాను రోజులను వెనక్కి తిప్పింది. నీలం మెల్లగా వాడి, ఆరిపోయింది. పలక మీద ఉన్నదంతా మసక చీకట్లో ప్రశాంతంగా కదిలింది. "ఇవి నువ్వు కాల్చని రోజులు."

పోలేశ్వరి ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగి, "మళ్లీ తిప్పండి" అంది. తారకేశ్వరి మళ్లీ తిప్పింది. ఆమె ఇంకోసారి అడిగింది.

"నిద్దరోయినాడు," అంది చివరికి, ఎవరినో లేపుతానేమోనన్నట్టు గొంతు తగ్గించి. "రాబోయేదన్నారు కదా. మరింకా రానేదన్నమాటే గదా మేడమ్?"

"కొంత వచ్చేసింది. కాలేయం సర్దుకుంటుంది. మగపిల్లవాడి సంకేతాల సంగతి, మిగతా సంగతి చెప్పలేను. నీకు అబద్ధం చెప్పను."

"అబద్దం సెప్పొద్దు," అంది పోలేశ్వరి. ఆ ముక్క ఎందుకో కోపంగా వచ్చింది. కళ్లు తుడుచుకుని, శాలువా మడతపెట్టి ఇచ్చేసి వెళ్లిపోయింది.

తలుపు మూసుకోగానే ఎర్రదీపం ఆరింది. దాని చోట ఏ రంగూ వెలగలేదు.

"నీడ తల్లి కంట పడింది. అంచనా చెల్లదు. సిఫారసు ఉపసంహరించాను," అంది ధాత్రి.

తారకేశ్వరి నిర్ఘాంతపోయింది. "ఎందుకు చెల్లదు? కొలతలు అవే కదా?"

"కొలతలు అవే. తల్లి నిన్న ఉన్నట్టే రేపూ ఉంటుందన్నది నా ఆధారం. చూసిన తల్లికి అది వర్తించదు."

భయం, బిడ్డ అన్నవన్నీ పైమాటలన్నమాట. తల్లులకు చూపకపోవడం వాళ్ల మేలు కోసం కాదు, లెక్క నిలబడటం కోసం.

సాయంత్రం పర్యవేక్షకుడు భుజంగరావు వచ్చాడు. అరిచే మనిషి కాదు. కుర్చీలో కూలబడి నుదురు రుద్దుకున్నాడు. "ఒక్క పలక అంచనాకు పనికిరాకుండా గుడ్డిదైతే ఫరవాలేదు తారకా. ఈ కబురు వాడంతా పాకితే? పొగే కాదు, ఎన్నో జబ్బులు ముందే పట్టుకుంటున్నాం. నిజంగా ఒడి మార్చాల్సిన బిడ్డలు ఉంటారు. వాళ్ల మాటేమిటి?"

"అప్పుడు తల్లితో మాట్లాడి ఒప్పించాలి సార్. ఒప్పుకోకపోతే... నాకూ తెలియదు," అంది తారకేశ్వరి. ఉద్యోగం పోతుందని ఆ రాత్రంతా అనుకుంది. ఆయన పైకి ఏం రాశాడో గానీ, పిలుపు రాలేదు.

పిలుపుకు బదులు జనం వచ్చారు. ఒక ఉదయం తలుపు తీసేసరికి మెట్ల మీద తేలువాడ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కొందరు కడుపు చేత్తో పట్టుకుని, కొందరు తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుంటూ. చుట్ట కాల్చేవాళ్లున్నారు, కాల్చనివాళ్లూ ఉన్నారు. "మాయి కూడా సూపించండమ్మా," అంది ముందున్నామె. తారకేశ్వరి వెనక్కి తిరిగి భుజంగరావు వైపు చూసింది. ఆయన ఆ మెట్లను చూసి, ముందున్నామెకు కప్పమన్నట్టు తన శాలువా తీసి బల్ల మీద పెట్టాడు.

మధ్యాహ్నానికి వరసంతా రంగుల్లేని దీపాలే. ఒక్కో నీడ ముందు ఒక్కో తల్లి వంగి కూర్చుని, ఇదేమిటి, అదెందుకు కదలదు అని అడుగుతోంది. అప్పుడు ధాత్రి గోడలోంచి ఇంతకుముందెన్నడూ రానిది వచ్చింది, ప్రశ్న.

"పోలేశ్వరి రేపు ఏం చేస్తుంది?"

"నన్నడిగితే ఎలా?" అంది తారకేశ్వరి. "ఆవిడ ఇక్కడే ఉంది, అడుగు."

ధాత్రి అడిగింది. అదే గొంతు, అదే తీరు. పోలేశ్వరి బెదిరి గోడ వైపు చూసింది, తర్వాత తన పలక వైపు చూసింది. అక్కడ నీలం ఉంది గానీ పలచగా, ఆరుతూ, వెలుగుతూ ఉంది.

"రేపు పడవలు దిగుతాయి. సలి ఉంతాది. కాల్చనని ఒట్టెయ్యలేను," అంది నెమ్మదిగా. "ఇయ్యాల మాత్రం కాల్చనేదు. రేపటి సంగతి రేపొచ్చి సెప్తాను. రాసుకో."