నరేష్ తీసేసిన మాట

మార్కాపురం బస్టాండు ఎదుట నరేష్‌ది టైపింగ్ దుకాణం. బీఈడీ చదివే రజిని గొడుగైనా ముడవకుండా లోపలికి వచ్చింది.

"ఏందిది? తుగ్లక్ పిచ్చోడు కాబట్టే రాజధాని మార్చినాడని రాసిచ్చినా. నా ప్రాజెక్టులో ఆ పిచ్చి ఏమైంది?"

"నేనే తీసేసినా."

"టైపు చెయ్యమంటే దిద్దుతావా? మార్కులు నువ్వేస్తావా?"

"పిచ్చి ఉంటే ఉండొచ్చు మేడం. చేసిన ప్రతి పనికీ అదే కారణమా? ఢిల్లీకి దక్కను దూరమైందని కూడా మార్చుండొచ్చు గదా."

"ఎప్పుడో పోయిన రాజు మీద ఇంత ప్రేమేంది? మీకు చుట్టమా?"

నరేష్ నవ్వలేదు. బయట వాన పట్టుకుంది. నెల రోజులుగా ఆమె పేజీ పనికి వచ్చి గంట కూర్చుంటోంది. ఇవాళ చెబితే రేపటి నుంచి రాదేమో. కంభం నుంచి వచ్చిన పెళ్లి సంబంధం ఈ మాటతోనే వెనక్కి పోయింది. అయినా చెప్పాడు.

"మా నాయన పద్దెనిమిదేండ్లుగా మనసు జబ్బుకు మందులు వాడుతుండాడు. మూడేండ్ల కింద మా షెడ్డులో చేసి లారీకి ఎక్కించాల్సిన రాత పలకలన్నీ బడిపిల్లలకు పంచేసినాడు. పిచ్చి తిరగబెట్టిందన్నారు అందరూ."

"ఎందుకు పంచినాడంట?"

నరేష్ కీబోర్డు వైపు చూశాడు. "అడగలేదు."

"తుగ్లక్‌కు వకాల్తా పుచ్చుకున్నోడివి, సొంత నాయన్ను అడగలేదా? పద."

వాన తెరిపివ్వగానే ఆమే ముందు నడిచింది. నరేష్ తండ్రి మాలకొండయ్య ఇంటి వసారాలో పలకలకు కొయ్య చట్రాలు బిగిస్తున్నాడు.

"మామా, ఆ పలకలు ఎందుకు పంచినావు?"

ఆ పిలుపుకు నరేష్ ఆమె వైపు తిరిగాడు. మాలకొండయ్య చెయ్యి ఆగింది.

"షెడ్డు కురిసిందమ్మా. చట్రాలు నానినాయి. ఆ సరుకు పంపితే దోవలోనే ఊడొచ్చి మన పేరు పోతాది. బళ్ళో అయితే నాలుగు నెల్లన్నా రాసుకుంటారని ఇచ్చినా."

"ఈ మాట ఎవురికన్నా చెప్పినావా మామా?"

"ఎవురూ అడగలా."

నరేష్ తండ్రి పక్కన కూలబడ్డాడు. "నాయనా, నువ్వు మందులు మానేసి అట్ల చేసినావనే నేనూ అనుకున్నా."

"ఆ నెల మానేసినా లేరా. నిద్రా లేదు, నిలకడా లేదు. అదీ నిజమే, ఇదీ నిజమే." పెద్దాయన రజిని వైపు తిరిగాడు. "ఎవురి పిల్లవమ్మా?"

"పొదిలి పిల్లను మామా. మీవోడు అడిగితే ఈ ఇంటి పిల్లను."

మాలకొండయ్య కొడుకును ఎగాదిగా చూశాడు. "నన్ను అడగనట్లే ఈ పిల్లనూ అడగవా ఏంది?"

నరేష్ లేచి నిలబడ్డాడు. రజిని వైపు తిరిగి, ఈసారి అడిగాడు.