ఒక గంట భయం

ఆరో తలుపు కూడా నవ్వుతూనే తెరుచుకుంది.

"దెయ్యం ఎంత ముద్దుగా ఉందో. ఏ క్లాసమ్మా?" అని ఆ ఇంటావిడ చాక్లెట్ చేతిలో పెట్టి లోపలికి పోయింది.

తొమ్మిదేళ్ల ఇరావతి పుర్రె మాస్కు తీసి నేలకేసి కొట్టింది. హాలోవీన్ అంటే పిల్లలు దెయ్యాల వేషమేసుకుని తలుపులు కొట్టాలి, పెద్దవాళ్లు హడలిపోవాలి. ఈ టవర్‌లో హడలేదెవరు? పద్దెనిమిదేళ్లు దాటిన అందరి చెవి వెనకా 'అభయ' ఉంది. బొట్టుబిళ్లంత చిప్. మెదడులో భయం సిగ్నల్ లేవబోతుండగానే జోకొట్టేస్తుంది. పదేళ్లుగా పని చేసేది చిప్, ధైర్యవంతులమని శాలువాలు కప్పించుకునేది వీళ్లు.

పనివాళ్లకు మాత్రం పెట్టలేదు. భయం పోతే మాట వినరని అసోసియేషన్ వారి ముందుచూపు.

చిప్ కనిపెట్టిన డాక్టర్ సువర్చల ఇరావతి తల్లే.

"ఒక్కసారైనా భయపడవేంటమ్మా?" ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది ఇరావతి. "పోయినేడు రక్తం పూసుకొస్తే టమాటా సాసా అన్నావు."

"సాసే కదే."

"ఇంక నేను వేషం వెయ్యను. నీకోసమే వేస్తాను, నువ్వేమో చూసి నవ్వుతావు."

సువర్చలకు చివుక్కుమంది. వెంటనే అసోసియేషన్‌కు మెసేజ్ పెట్టింది: ఏడు నుంచి ఎనిమిది దాకా చిప్‌లన్నీ ఆపేస్తాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. భయం లేనివాళ్లు దేనికని అభ్యంతరం చెబుతారు?

హాలు తుడుస్తున్న నాంచారమ్మ మాత్రం అడిగింది. "అలవాటు తప్పినోళ్లు కదా డాక్టరమ్మా, తట్టుకుంటారా?"

"చిప్ లేకుండా నువ్వు రోజూ ఉండటంలా?"

"నేను భయపడతానే తలుపు తీస్తానమ్మా. అది చిన్నప్పట్నించీ చెయ్యాల."

ఏడయింది. సువర్చల ఫోన్‌లో చిప్‌లు ఆపింది. పిల్లలు పరుగున వెళ్లి బెల్లులు కొట్టారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. లోపల గడియలు పడుతున్నాయి, బీరువాలు జరుపుతున్న చప్పుడు.

ఇరావతి తన ఇంటి బెల్లు కొట్టింది. "అమ్మా, దెయ్యాన్నొచ్చాను."

"నువ్వేనా?" సువర్చల తలుపు అవతల్నుంచే అడిగింది.

"నేనే. భయపడ్డావా?"

"పడ్డాను."

ఇరావతి గంతేసింది. "అయితే తలుపు తియ్యి."

కూతురేనని సువర్చలకు తెలుసు. గడియ మీద వేసిన చెయ్యి కదల్లేదు. ఫోన్ నాలుగడుగుల దూరంలో టేబుల్ మీదుంది. ఆ నాలుగడుగులూ వెయ్యలేకపోయింది.

"అమ్మా, తియ్యవే. నాకూ భయమేస్తోంది."

ఇరావతి ఏడుపు విని నాంచారమ్మ కారిడార్ చివర్నుంచి వచ్చి గుమ్మం ముందు కూచుని పిల్లను ఒళ్లోకి లాక్కుంది. మూసిన తలుపుల వంక భయంగా చూస్తూనే పిల్ల వీపు నిమిరింది.

ఎనిమిదింటికి చిప్‌లు వాటంతటవే మళ్లీ పనిచేశాయి. తలుపు తెరుచుకుంది. సువర్చల తాపీగా చేతులు చాపింది.

"రా అమ్మా. అయిపోయింది."

"నీకిప్పుడు భయం లేదా?"

"లేదు."

"నాకుంది," అని ఇరావతి నాంచారమ్మ కొంగు వదల్లేదు.